ఫోర్కు అణిచి కడితే బైకు ఆగదు

డర్ట్ బైకును పికప్‌లోకో ట్రైలర్లోకో ఎక్కించి కట్టేటప్పుడు ఎక్కడ చూసినా ఒకటే పద్ధతి. ఇద్దరు హ్యాండిల్ మీద ఒళ్ళంతా వేసి ముందు షాకులను, అంటే ఫోర్కును, కిందికి అదిమి పడతారు. మూడో మనిషి రాచెట్ బెల్టు పిడిని టకటకా లాగుతాడు. ఫోర్కు అడుగంటాక బైకును పట్టుకుని ఊపుతారు. బైకుతో పాటు బండి కూడా ఊగితే "ఇక కదిలే ప్రసక్తే లేదు" అని తాళం వేసి బయల్దేరతారు.

నా వాదన ఏమిటంటే, ఆ కట్టులో బెల్టు బైకును ఆపడం లేదు. స్ప్రింగుతో కుస్తీ పడుతోంది. ముందు చక్రం ఉన్నచోటే ఉండాలి, వెనక చక్రం పక్కకు ఎగరకూడదు, బైకు వాలిపోకూడదు. చేయాల్సిన పనులు ఈ మూడు. ఫోర్కును ఎంత అణిచినా వీటిలో మొదటి రెండూ జరగవు.

ఈ అవసరం ఎవరికి పడుతుందో ముందు చెప్పాలి. కవాసాకి కేఎక్స్, యమహా వైజెడ్, కేటీఎం ఎస్ఎక్స్-ఎఫ్ లాంటి మోటోక్రాస్ బైకులకు లైట్లు ఉండవు, నంబరు ప్లేటు ఉండదు. రోడ్డెక్కడానికి వీల్లేదు కాబట్టి ట్రాక్ పది కిలోమీటర్ల దూరంలో ఉన్నా బండిలోనే వెళ్ళాలి. 2024లో ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగ్ మొదటి సీజన్ పుణె, అహ్మదాబాద్, బెంగళూరుల్లో జరిగినప్పుడు బైకులన్నీ ఊరి నుంచి ఊరికి అలా వెళ్ళినవే. హీరో ఎక్స్‌పల్స్ లాంటివి రోడ్డు మీద నడుస్తాయి గానీ, గుబ్బల టైర్లను హైదరాబాద్ నుంచి బెంగళూరు దాకా తారు మీద అరగదీయడం ఇష్టంలేని వాళ్ళు బొలెరో పికప్ మాట్లాడుకుంటారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళలో ఈ సరదా ఉన్నవాళ్ళకైతే చిన్న ట్రైలర్ ఇంటి ముందే ఉంటుంది. బండి ఏదైనా లెక్క ఒకటే.

లెక్క మొదలుపెడదాం

450 సీసీ మోటోక్రాస్ బైకు పెట్రోలుతో కలిపి సుమారు 110 కిలోలు. యూరప్‌లో లోడు కట్టడానికి పాటించే ఈఎన్ 12195-1 ప్రమాణం ప్రకారం గట్టి బ్రేకు వేస్తే సరుకు మీద దాని బరువులో 0.8 వంతు ముందుకు పడుతుంది, మలుపులో 0.5 వంతు పక్కకు పడుతుంది. అమెరికా రవాణా నియమాల్లోనూ కట్టు తట్టుకోవాల్సిన అంకెలు ఇంచుమించు ఇవే. అంటే మన బైకు బ్రేకు వేసినప్పుడు 88 కిలోల బలంతో ముందుకు తోస్తుంది, ఘాట్ రోడ్డు మలుపులో 55 కిలోల బలంతో పక్కకు లాగుతుంది. 158 కిలోల ఎక్స్‌పల్స్ 200 అయితే 126, 79. ఇవేమంత పెద్ద అంకెలు కావు. మామూలు 25 మిల్లీమీటర్ల మంచి బెల్టులు నాలుగుంటే సునాయాసంగా మోస్తాయి.

ఇప్పుడు ఫోర్కు సంగతి చూద్దాం. మోటోక్రాస్ ఫోర్కు కదలిక సుమారు 300 మిల్లీమీటర్లు. స్ప్రింగు గట్టితనం ఒక్కో కాలికి మిల్లీమీటరుకు 4.8 న్యూటన్లు అనుకుంటే, రెండు కాళ్ళూ కలిసి 100 మిల్లీమీటర్లు దిగడానికి దాదాపు 98 కిలోల బలం కావాలి. అందులో బైకు ముందు భాగం బరువే ఓ 40 కిలోలు మోస్తుంది. మిగిలిన 58 కిలోలు రెండు బెల్టులు పంచుకోవాలి. బెల్టు నేలకు 45 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కోదాని మీద సుమారు 40 కిలోలు పడుతుంది. బాగానే ఉంది. అదే ఫోర్కును 250 మిల్లీమీటర్లు అణిచామనుకోండి. అదే లెక్కలో ఒక్కో బెల్టు మీద 145 కిలోలు. ఫోర్కులో చిక్కిన గాలి నొక్కుకుపోవడం వల్ల నిజానికి ఇంకా ఎక్కువే. అంటే బండి ఇంటి ముందు నుంచి కదలకముందే, హైవే మీద గట్టి బ్రేకు పడితే వచ్చే బలం కన్నా ఎక్కువ బరువును మనమే ఒక్కో బెల్టు మీద ఎక్కించాం. ఆ బరువు కొసన ఉన్నది ప్లైవుడ్‌లోకి దిగిన నాలుగు చెక్క స్క్రూలు అయితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

అడుగంటా అణచడం వల్ల స్ప్రింగు చచ్చిపోతుందని చాలామంది చెప్పే కారణం మాత్రం తప్పు. ఉక్కు స్ప్రింగును దాని హద్దులోపల రెండు రోజులు నొక్కి ఉంచినంత మాత్రాన గట్టితనం పోదు. ఆయిల్ సీళ్ళ సంగతి కొంత నిజం. లోపలి గాలి ఒత్తిడి పెరిగి నూనె సీలు పెదవి మీదికి తోసుకొస్తుంది. శుభ్రమైన కొత్త సీలు దాన్ని ఆపుతుంది. పెదవి కింద ఇసుక రేణువు చిక్కిన సీలు ఆపలేదు, గమ్యం చేరేసరికి కాలి వెంట నూనె చార కనిపిస్తుంది. మంచి కారణానికి తప్పు వివరణ చెబితే వినేవాళ్ళు రెండింటినీ కొట్టిపారేస్తారు, అందుకే ఇంత విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

అసలు ప్రమాదం గుంతలో ఉంది. స్పీడ్ బ్రేకర్ మీద బండి బాడీ ఒక్కసారి పైకి లేస్తుంది. బైకు ఫోర్కు ఇంకా కిందికి దిగుతుంది. ఆ అర క్షణం బెల్టు వదులవుతుంది. నోరు తెరిచి ఉన్న ఎస్ ఆకారపు హుక్కు రింగులోంచి జారిపోవడానికి ఆ అర క్షణం చాలు. జారకపోతే, ఫోర్కు తిరిగి పైకి లేచేటప్పుడు బెల్టు ఒక్క కుదుపుతో బిగుసుకుంటుంది. తెగిన బెల్టుల్లో చాలావరకు తెగేది నిలకడ బరువుకు కాదు, ఈ కుదుపుకు. లేదా రేకు అంచు మీద ఒరుసుకుని. అంటే ముందు షాకులు ఎంతోకొంత కదలకుండా ఉండవు అని ఒప్పుకుని కట్టాలి. హుక్కుకు నాలుక ఉండాలి, అంటే స్ప్రింగుతో మూసుకునే గేటు. నాలుక లేని హుక్కు కొన్నారా, మెడ దగ్గర ఒక ప్లాస్టిక్ టై వేసి మూసేయండి. ఐదు రూపాయల పని.

ఫోర్కు మధ్య దిమ్మ

ముందు టైరుకూ మడ్‌గార్డ్ పైనున్న కింది క్లాంపుకూ (ఫోర్కు కాళ్ళను కలిపి పట్టే బిగింపుకూ) మధ్య ఇరికించే ప్లాస్టిక్ దిమ్మ ఒకటి దొరుకుతుంది. కొందరు సరిపడా కొయ్య ముక్క కోసి పెట్టుకుంటారు. ఫోర్కు ఎంతవరకు దిగాలో ఇదే నిర్ణయిస్తుంది కాబట్టి ఎంత లాగినా అతిగా అణగదు, గుంతలో బెల్టు వదులవదు. మంచి వస్తువే, ఒప్పుకుంటా. కానీ ఒక మెలిక ఉంది. బెల్టులు దిమ్మను గట్టిగా నొక్కకపోతే అది నాలుగు గుంతల్లో జారి బయటపడుతుంది. పడిన క్షణమే ఫోర్కు ఇంకో వంద మిల్లీమీటర్లు దిగే చోటు ఏర్పడుతుంది, రెండు బెల్టులూ వేలాడతాయి. దిమ్మ లేకుండా కట్టిన బైకు కన్నా అది ఘోరం. పైగా చాలా మోటోక్రాస్ మడ్‌గార్డులు పలచని ప్లాస్టిక్. కొయ్య ముక్క దాన్ని పగలగొడుతుంది. దిమ్మ వాడితే దాన్ని ఒక ఫోర్కు కాలికి చిన్న పట్టీతో కట్టి ఉంచండి. అది లేకపోయినా నడుస్తుంది, కింద చెప్పినట్టు చక్రాలను నేలకు కడితే.

చక్రాన్ని కట్టడం

సస్పెన్షన్ పైన కడితే స్ప్రింగు మధ్యలోకి వస్తుంది. సస్పెన్షన్ కింద ఉన్నదాన్ని, అంటే చక్రాన్ని నేలకు కట్టేస్తే స్ప్రింగు లెక్కలోకే రాదు. అమెరికాలో ఈ ఆలోచన మీదే నడిచే పరికరాలున్నాయి. పిట్ బుల్ వాళ్ళ ట్రైలర్ పట్టు బైకును వెనక ఇరుసు దగ్గర పట్టి ఉంచుతుంది, బెల్టులే అక్కర్లేదు. రిస్క్ రేసింగ్ వాళ్ళ లాక్-ఎన్-లోడ్ మాత్రం ఫ్రేముకున్న ఫుట్‌పెగ్గుల దగ్గర పట్టుకుంటుంది, దాంట్లోనూ ఫోర్కును అణచాల్సిన పని లేదు. ఖరీదు సంగతి అటుంచి, మన దగ్గర కిరాయి బొలెరోలో వాటిని బిగించే వీలు లేదు. కానీ ఆ సూత్రాన్ని బెల్టులతోనూ పాటించవచ్చు.

ముందు చక్రానికి ఒక గాడి కావాలి. దుకాణంలో దొరికే చక్రం స్టాండు ఉంటే సరే. లేకపోతే వడ్రంగి చేత గంటలో చేయించవచ్చు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, వెడల్పు 45 సెంటీమీటర్లు, పొడవు 75. దాని మీద 50 బై 100 మిల్లీమీటర్ల కొయ్య దిమ్మెలు రెండు, ఒక్కోటి 45 సెంటీమీటర్ల పొడవు, ఎత్తువైపు నిలబెట్టి, మధ్యలో టైరు వెడల్పుకు ఐదారు మిల్లీమీటర్లు ఎక్కువ ఖాళీ వదిలి బిగించాలి. మోటోక్రాస్ ముందు టైరు 80/100-21, ఎక్స్‌పల్స్‌ది 90/90-21. రెండూ పట్టాలంటే 96 మిల్లీమీటర్లు వదిలి, సన్న టైరుకు పక్కన రబ్బరు ముక్క పెట్టుకుంటే సరిపోతుంది. కింది నుంచి 8 మిల్లీమీటర్ల బోల్టులు వేయాలి, మేకులు కాదు. బోల్టు తలలు ప్లైవుడ్‌లోకి దిగేట్టు గుంట తీయించండి, లేకపోతే పలక నేల మీద సరిగా కూర్చోదు. గాడి ముందు కొసన అడ్డంగా ఇంకో దిమ్మె. ఈ పలకను డ్రైవర్ క్యాబిన్ వెనక గోడకు ఆనించి పెడితే బ్రేకు బలమంతా ఆ గోడే మోస్తుంది. 88 కిలోల లెక్క అక్కడితో తీరిపోయినట్టే.

పలక కింద రబ్బరు మ్యాట్ పరవాలి. పశువుల కొట్టంలో వేసే మందపాటి మ్యాట్ అన్నింటికన్నా మేలు. అమెరికాలో గుర్రాల కొట్టాలకు అమ్మే మ్యాట్‌నే ట్రైలర్లలో వేస్తారు. బొలెరో నేల గీతల రేకు. ముందురోజు మోసిన సిమెంటు పొడో, కూరగాయల తడో ఉంటుంది. దాని మీద గుబ్బల టైరు సబ్బు మీద జారినట్టు జారుతుంది. బండి మాట్లాడుకునేటప్పుడే చీపురు, బకెట్ నీళ్ళు సంగతి కూడా మాట్లాడుకోండి.

చక్రం గాడిలో కూర్చున్నాక ఒక బెల్టును రిమ్ము మీదుగా, టైరు మీదుగా చుట్టి గాడి పలకకో నేల రింగుకో కట్టాలి. ఒంటి పుల్లకు (స్పోకుకు) కట్టకూడదు, వంగుతుంది. బ్రేకు డిస్కును బెల్టు తాకకూడదు. డిస్కు రెండు మిల్లీమీటర్లు వంగినా లీవరు అదరడం మొదలవుతుంది. వెనక చక్రానికీ ఇదే. టైరు మీదుగా ఒక బెల్టు, రెండు కొసలూ రెండు పక్కలకు, కిందికి. ఇప్పుడు వెనక భాగం గుంతల్లో పక్కకు గెంతదు. హ్యాండిల్ దగ్గర మాత్రమే కట్టిన బైకు ఎప్పుడూ పాడయ్యేది ఇక్కడే. ముందు భాగం బిగువుగా ఉంటుంది, వెనక చక్రం వేలెడు వేలెడు చొప్పున జరిగి జరిగి చివరికి బైకు అడ్డం తిరుగుతుంది. తిరిగిన కొద్దీ ఒక బెల్టు వదులు, రెండోది బిగువు. ఆ తర్వాత పడటం ఎంతసేపు?

చక్రాలు నేలకు అంటుకున్నాక పైన ఉన్న రెండు బెల్టులకు మిగిలిన పని ఒక్కటే, బైకును నిటారుగా ఉంచడం. దానికి ఫోర్కు మూడో వంతు దిగితే చాలు. 300 మిల్లీమీటర్ల ఫోర్కు అయితే 80 నుంచి 100. ఎక్స్‌పల్స్ 200 ఫోర్కు మొత్తం 190, అందులో 60 నుంచి 65. కాలి మీద రబ్బరు బ్యాండో చిన్న ప్లాస్టిక్ టైనో వేసి కొలిస్తే ఊహ అక్కర్లేదు.

ఎక్కడ కట్టాలి, ఎటు లాగాలి

మొదటి ఎంపిక కింది క్లాంపు. ఫోర్కు కాళ్ళు రెండింటినీ కలిపి పట్టుకునే దిమ్మ అది, బైకులో అంతకన్నా గట్టి చోటు లేదు. దాని చుట్టూ మెత్తని లూపు వేసి ఆ లూపుకు హుక్కు తగిలించాలి. హుక్కును నేరుగా లోహానికి తగిలిస్తే రంగు పోవడం ఒక్కటే నష్టం కాదు, హుక్కు ఒక్క బిందువు మీద నిలబడి జారుతుంది. లూపు వేసేటప్పుడు బ్రేకు గొట్టం, క్లచ్ వైరు, స్విచ్చుల వైర్లు దాని కింద నలగకుండా చేత్తో తడిమి చూడండి. బ్రేకు గొట్టం మీద కొన్ని గంటలు బెల్టు ఒత్తితే పైకి ఏమీ కనబడకపోవచ్చు, అందుకే అది మరీ ప్రమాదం.

హ్యాండిల్‌కే కట్టక తప్పకపోతే వంపు దగ్గర, బిగింపుకు వీలైనంత దగ్గరగా. గ్రిప్పుల చివర కడితే బారు మొత్తం మీటలా పనిచేసి బిగింపులో తిరిగిపోతుంది. మన కిరాయి బండ్ల హమాలీలు తాడును వేసేది సరిగ్గా అక్కడే. చేతి రక్షణ కవచాలకు, అద్దాల కడ్డీలకు, ఇండికేటర్లకు కట్టడం గురించి మాట్లాడే ఓపిక నాకు లేదు. వెనక సబ్‌ఫ్రేమ్ (సీటు కింది చట్రం) విషయంలో మాత్రం తేడా ఉంది. ఎక్స్‌పల్స్‌ది ఉక్కు, వెనక పట్టుకునే కడ్డీకి తేలిక బెల్టు వేయవచ్చు. మోటోక్రాస్ బైకుల్లో అది సన్నని అల్యూమినియం, కొన్ని బోల్టుల మీద నిలబడుతుంది, సీటునూ మడ్‌గార్డునూ మోయడానికే. దాన్ని బెల్టుతో కిందికి గుంజకూడదు.

దిశ సంగతి. ముందు బెల్టులు మూడు వైపులకూ లాగాలి: కిందికి, ముందుకు, పక్కకు. ముందు నుంచి చూస్తే నేలతో 45 డిగ్రీల దగ్గర ఉండాలి. మరీ నిలువుగా, 70 డిగ్రీల్లో ఉంటే బెల్టు బలంలో మూడో వంతే పక్కకు పనిచేస్తుంది, మిగతాదంతా ఫోర్కును అణచడానికే పోతుంది. చాలామంది "ఎంత లాగినా ఊగుతోందే" అని ఇంకో నాలుగు టక్కులు లాగేది ఈ సందర్భంలోనే. తప్పు బిగువులో లేదు, కోణంలో ఉంది. కొక్కేన్ని ఓ అడుగు పక్కకు జరిపితే సగం బిగువుతోనే ఊగడం ఆగుతుంది.

బొలెరో, అశోక్ లేలాండ్ దోస్త్ లాంటి పికప్‌లలో లోపల నేల మీద రింగులు ఉండవు. తాడు వేసే కొక్కేలు పక్క రేకుల బయట, కింద ఉంటాయి. అంటే బెల్టు రేకు అంచు మీదుగా వెళ్ళాలి. కొలత వేసి చూస్తే కోణం బాగానే కుదురుతుంది, అంచే శత్రువు. అరిగిన సైకిల్ ట్యూబు ముక్కనో, నిలువుగా చీల్చిన ప్లాస్టిక్ గొట్టాన్నో అంచు మీద పెట్టి దాని మీదుగా బెల్టు పోనివ్వండి. గాలిలో చదునైన బెల్టు బుర్రుమని కొట్టుకుంటూ దారిలోనే దారాలు ఊడదీసుకుంటుంది. కట్టేటప్పుడే ఒక్క మెలి తిప్పితే ఆ కొట్టుకోవడం ఆగుతుంది.

టాటా ఏస్ గురించి ఒక మాట. దాని బాడీ పొడవు సుమారు 2.2 మీటర్లు, ఎక్స్‌పల్స్ పొడవు కూడా దాదాపు అంతే. గాడి పలక పెడితే వెనక డోరు మూసుకోదు. ఐమూలగా పెట్టి మూసేస్తారు, కానీ అలా పెడితే ఒక పక్క బెల్టుకు కోణమే దొరకదు. కిరాయి కాస్త ఎక్కువైనా తొమ్మిది అడుగుల బాడీ ఉన్న పికప్ మాట్లాడుకోవడమే నయం.

రాచెట్టా, క్యామ్ బకిలా, తాడా?

పైన లాగే రెండింటికీ క్యామ్ బకిల్. లాగి వదిలితే పళ్ళు పట్టుకునే రకం అది. మనిషి చేతి బలం మేరకే బిగుస్తుంది కాబట్టి ఫోర్కును అతిగా అణచడం కష్టం. నాకు నచ్చే గుణం అదే. దాని లోపం, పళ్ళలో మట్టి చేరితే బెల్టు కొద్దికొద్దిగా జారుతుంది. మిగిలిన తోకను బకిల్ వెనక ఒక సగం ముడి వేస్తే జారినా అక్కడ ఆగుతుంది. రాచెట్టును చక్రాల బెల్టులకు వాడండి, అక్కడ స్ప్రింగు లేదు కాబట్టి గట్టిగా లాగినా నష్టం లేదు. రాచెట్టు కదురు (బెల్టు చుట్టుకునే ఇరుసు) మీద బెల్టు కనీసం రెండు చుట్లు తిరిగి ఉండాలి. పిడి పూర్తిగా మూసి, గొళ్ళెం పడిందో లేదో చూడాలి.

బెల్టు పాలియెస్టర్‌ది కొనండి. యూరప్ ప్రమాణం ప్రకారం లేబుల్ నీలం రంగులో ఉంటే పాలియెస్టర్, ఆకుపచ్చ అయితే నైలాన్. నైలాన్ సాగుతుంది, తడిస్తే బలం తగ్గుతుంది. లేబుల్ మీద ఎల్‌సీ అని, అంటే బెల్టు మోయగల బలం, డెకాన్యూటన్లలో రాసి ఉంటుంది. ఒక డెకాన్యూటన్ అంటే రమారమి ఒక కిలో బలం. అమెరికా సరుకైతే పని భారం, తెగే భారం అని రెండు అంకెలుంటాయి, మొదటిది రెండోదాంట్లో మూడో వంతు. డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసేది ఎప్పుడూ రెండో అంకెనే. బెల్టులో ముడి వేస్తే బలం దాదాపు సగం పోతుంది.

తాడు కట్టే లారీ క్లీనర్లను నేను తక్కువ చేయను. లారీ ముడి తెలిసిన చేయి తాడుతో గట్టి బిగువు తీయగలదు. ఇబ్బందల్లా తాడుతోనే. సన్న నైలాన్ తాడు మొదటి యాభై కిలోమీటర్లలో సాగుతుంది, కొబ్బరి తాడు తడి ఆరితే వదులవుతుంది. ధాన్యం బస్తాలు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి, తాడు కాస్త వదులైనా పోయేదేమీ లేదు. రెండు చక్రాల మీద నిలబడిన వస్తువుకు ఆ వెసులుబాటు లేదు.

ఇంకో ఆచారం ఉంది. బెల్టులు నమ్మకం లేక ఒక కుర్రాణ్ణి వెనక బైకు పట్టుకుని కూర్చోబెట్టడం. మలుపులో 55 కిలోలు పక్కకు లాగితే కూర్చున్న మనిషి ఆపలేడు, పైగా బైకు పడేది అతని మీదే. కట్టు మీద నమ్మకం లేకపోతే కట్టు మార్చాలి గానీ మనిషిని కట్టులో భాగం చేయకూడదు.

ఎక్కించడం, కట్టే వరుస

ర్యాంపు పొడవు ముఖ్యం. బండి నేల 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆరడుగుల పలక 30 డిగ్రీల వాలు, ఎనిమిదడుగుల పలక 22 డిగ్రీలు. ఆ ఎనిమిది డిగ్రీలు తేడా తోసేవాడి నడుముకు తెలుస్తుంది. పలక పైకొసను బండికి బెల్టుతో కట్టేయండి. వెనక చక్రం పలక మీదికి రాగానే దాన్ని వెనక్కి తన్నేస్తుంది. ఊళ్ళల్లో అయితే పలకే అక్కర్లేదు, పొలం గట్టుకో మట్టి దిబ్బకో బండిని వెనక్కి ఆనిస్తే సగం ఎత్తు తగ్గుతుంది. ఇంజన్ మీద ఎక్కిస్తుంటే పక్కన నడుస్తూ, మొదటి గేరులో, రెండు వేళ్ళు క్లచ్ మీద. మీద కూర్చుని ఎక్కించే వీరత్వం వద్దు.

ఎక్కించే ముందే టైర్లలో గాలి నింపాలి. ట్రాక్‌లో 12, 13 పీఎస్ఐ ఉంచి దిగిన టైరు కట్టాక కూడా పక్కలకు మెత్తగా ఊగుతుంది. బురద కూడా వదిలించాలి. పచ్చి బురద మీద వేసిన లూపు, ఆ బురద ఎండి రాలగానే వేలు మందం వదులవుతుంది.

గాడిలో చక్రం పెట్టాక రెండు ముందు బెల్టులూ వదులుగా తగిలించి, బైకు తనంత తాను నిలబడేదాకా చేత్తో లాగాలి. తర్వాత హ్యాండిల్ మీద ఒళ్ళు వాల్చి ఎడమది కాస్త, కుడిది కాస్త, మార్చి మార్చి. ఎదురుగా నిలబడి చూస్తే హ్యాండిల్ క్యాబిన్ గోడకు సమాంతరంగా ఉండాలి. తర్వాత ముందు చక్రం బెల్టు, చివర్న వెనక చక్రం బెల్టు. సైడ్ స్టాండు మడిచి ఉండాలి. స్టాండు మీద నిలిపి బెల్టులు బిగిస్తే ఆ బరువంతా స్టాండు మేకు మీద పడి, ఫ్రేముకు అతికిన చెవి వంగుతుంది. హ్యాండిల్ లాక్ వేయకూడదు. రవాణా వాళ్ళకు బైకు అప్పగించి తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోతే వాళ్ళు పక్కకు తిరిగిన హ్యాండిల్‌తోనే కట్టాలి, ఒక బెల్టు పొడవు ఒకలా రెండోది ఇంకోలా. గేరులో ఉంచడం మంచిదే గానీ అది అదనపు జాగ్రత్త మాత్రమే.

రెండు బైకులైతే ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తిప్పి పెట్టాలి. హ్యాండిల్ వెడల్పు ఒక్కోటి 80 సెంటీమీటర్లు దాటుతుంది, ఒకే వైపుకైతే ఒకదాని లీవరు ఇంకోదాని ట్యాంకును గీకుతుంది. ఒకదాన్ని ఒకదానికి ఆనించి, మధ్యలో గోనెసంచి పెట్టి కలిపి కట్టడం మాత్రం వద్దే వద్దు. ఫుట్‌పెగ్గు పళ్ళు గోనెసంచిని కోసి పక్క బైకు రేడియేటరును చేరుకోవడానికి ఎక్కువ దూరం పట్టదు.

పెట్రోలు సగానికి మించి వద్దు. వేడెక్కితే పెట్రోలు డిగ్రీకి వెయ్యో వంతు దాకా పెరుగుతుంది. తెల్లవారుజామున అంచుదాకా నింపిన 7 లీటర్ల ట్యాంకు మధ్యాహ్నం 25 డిగ్రీలు వేడెక్కితే 160 మిల్లీలీటర్లకు పైగా బయటికి తోస్తుంది. కార్బురేటర్ బైకైతే పెట్రోలు ట్యాప్ మూయాలి. కుదుపులకు ఫ్లోట్ సూది (కార్బురేటర్లోకి పెట్రోలును ఆపే వాల్వు) అదిరి కారుతూనే ఉంటుంది. తెరిచిన పికప్‌లో అది వాసన మాత్రమే, మూసిన ట్రైలర్లో అయితే ఒక్క నిప్పురవ్వ పడితే మంటే. రైలు పార్సిల్‌లో పంపితే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాల్సిందే, అది నియమం.

సొంత ట్రైలర్ ఉన్నవాళ్ళకు

అమెరికాలో ఎక్కువగా కనిపించేది ఆరడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న మూసిన ట్రైలర్, ఒకే ఇరుసు. మొత్తం బరువు హద్దు చాలావాటికి 2,990 పౌండ్లు, అంటే సుమారు 1,356 కిలోలు. ఖాళీ ట్రైలర్ 600 కిలోలు, మూడు బైకులు 330, పనిముట్లు, ఇంధనం 150 వేసుకుంటే 1,080. దీంట్లో 10 నుంచి 15 శాతం, అంటే 108 నుంచి 162 కిలోలు కారు కొక్కెం మీద పడాలి. తక్కువైతే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. కొక్కేనికీ ఇరుసుకూ మధ్య దూరం మూడు మీటర్లు అనుకుంటే, మూడు బైకులనూ ఒక్క అడుగు వెనక్కి జరిపితే కొక్కెం మీద 33 కిలోలు తగ్గిపోతాయి. తలుపు దగ్గర చోటు సులువని బైకులను వెనక్కి కట్టేసేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ఆరడుగుల వెడల్పులో మూడు హ్యాండిళ్ళు పక్కపక్కన పట్టవు. మధ్యదాన్ని వెనక్కి తిప్పాలి, ఇంజన్లు మాత్రం ఇరుసుకు కాస్త ముందుండేట్టు చూడాలి.

రింగులు బిగించేటప్పుడే అసలు నాణ్యత తేలుతుంది. ప్లైవుడ్‌లోకి చెక్క స్క్రూలతో దిగిన డి ఆకారపు రింగు చేత్తో లాగితే రాదు. పదివేల కుదుపుల తర్వాత వస్తుంది, ఎందుకంటే కుదుపు కుదుపుకూ చెక్క నారలు నలిగి రంధ్రం వెడల్పవుతుంది. 10 మిల్లీమీటర్ల బోల్టు నేల గుండా దించి, కింద 50 బై 50 బై 5 మిల్లీమీటర్ల ఉక్కు పలక, నైలాక్ నట్టు (అదురుకు వదులవని రకం) వేయాలి. వీలైతే ట్రైలర్ అడ్డ కడ్డీ గుండా పోవాలి. పొడవాటి ఈ-ట్రాక్ పట్టాలు వేసుకుంటే కొక్కేలను కావలసిన కోణానికి జరుపుకోవచ్చు, కానీ వాటినీ కడ్డీలకే బిగించాలి. ఏడాదికోసారి ట్రైలర్ కిందికి దూరి నట్లు చూడండి. తుప్పు అక్కడే మొదలవుతుంది.

ఒక అభ్యంతరం వినిపిస్తుంది: రేసు జట్లు వ్యాన్లలో హ్యాండిల్‌కు రెండే బెల్టులు వేసి వేల మైళ్ళు తిరుగుతాయి కదా అని. నిజమే. ఆ వ్యాన్లలో ముందు చక్రం గోడకో స్టాండుకో ఆని ఉంటుంది, నేల రింగులు సరైన చోట ముందే బిగించి ఉంటాయి, తిరిగేది చదునైన ఫ్రీవేల మీద. వాళ్ళు చేసేవాటిలో మనకు కంటికి కనిపించేది బెల్టులు మాత్రమే, అందుకే వాటినే కాపీ కొడతాం.

దారిలో ఎప్పుడు ఆపి చూడాలి? అమెరికా వాణిజ్య వాహనాల నియమం మొదటి 50 మైళ్ళలోపు ఒకసారి, ఆ తర్వాత ప్రతి 150 మైళ్ళకో మూడు గంటలకో అంటుంది. మన రోడ్లకు అది చాలా ఆలస్యం. ఊరు దాటకముందే, మొదటి రెండు స్పీడ్ బ్రేకర్ల తర్వాత ఆపండి. లూపులు కుదురుకోవడం, టైరు గాడిలో సర్దుకోవడం అంతా ఆ కొద్ది కిలోమీటర్లలోనే జరుగుతుంది. అక్కడ బిగించాక వంద కిలోమీటర్లకోసారి, టీ కోసం ఆగినప్పుడు, ప్రతి బెల్టునూ అరచేత్తో తట్టి చూస్తే చాలు. కేటీఎం లాంటి గాలి ఫోర్కు (స్ప్రింగుకు బదులు గాలితో పనిచేసేది) ఉంటే ఇంకో కన్ను వేయాలి. లోపల పది బార్ల పైచిలుకు ఒత్తిడి ఉంటుంది, వాల్వు కారితే ఫోర్కు తనంత తాను దిగి బెల్టులు వదులవుతాయి. అలాంటప్పుడు బెల్టు లాగి ఊరుకోకుండా ముందు ఫోర్కు గాలి కొలవాలి.

దించేటప్పుడు వరుస తలకిందులు. వెనక చక్రం, ముందు చక్రం, ఆఖరున పై బెల్టులు. పై బెల్టులు విప్పే ముందు ఎవరో ఒకరు బైకును పట్టుకోవాలి, ఒళ్ళు హ్యాండిల్ మీద వాల్చి. ఒక పక్క పూర్తిగా విప్పేస్తే ఫోర్కు పైకి తన్ని బైకు రెండో పక్కకు పడుతుంది. బెల్టులను మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరేయండి, ఎండ పాలియెస్టర్‌ను మెల్లగా తినేస్తుంది. అంచున కోత వెడల్పులో పదో వంతు దాటితే ఆ బెల్టు పని అయిపోయినట్టే. ఇంట్లో ఇంకెందుకైనా పనికొస్తుందని దాస్తే ఎవరో ఒకరు మళ్ళీ బైకుకే కడతారు కాబట్టి, మధ్యకు కోసి పారేయండి.